పాత కంప్యూటరే ఇంటి సర్వర్: ప్రింటర్‌ను, హార్డ్ డిస్కును అందరికీ పంచడం ఎలా?

యూఎస్‌బీ ప్రింటర్‌కైనా, బయట తగిలించే హార్డ్ డిస్కుకైనా ఒక సమయంలో ఒక్క కంప్యూటరే యజమానిగా ఉండగలదు. ఇంట్లో రెండు ల్యాప్‌టాప్‌లు, నాలుగు ఫోన్లు ఉంటే ప్రింటు కావలసిన ప్రతిసారీ కేబుల్ ఒకచోట పీకి ఇంకోచోట పెట్టాలి. ఫోటోలున్న డిస్కు ఎవరి బల్ల మీద ఉంటే వాళ్లకే అందుతుంది. ఈ చిక్కును తీర్చేది ఇంటి సర్వర్. పరికరాలన్నిటికీ తానొక్కటే యజమానిగా ఉండి, వాటి సేవను ఇంటి నెట్‌వర్క్ మీద అందరికీ అందించే కంప్యూటర్ అది. ఇందుకోసం కొత్త యంత్రం కొననక్కర్లేదు. మూలన పడేసిన డెస్క్‌టాప్‌లో 2 గిగాబైట్ల మెమరీ ఉండి, అందులో లినక్స్ వేసుకుంటే ఒక కుటుంబం అవసరాలకు సరిపోతుంది.

ఈ ఏర్పాటులో మూడు అంచెలు ఉంటాయి. మొదటిది కరెంటు, కేబుల్, పోర్టు. రెండోది సర్వర్‌కు పరికరం భాష అర్థం కావడం. ప్రింటర్ విషయంలో డ్రైవర్, డిస్కు విషయంలో ఫైల్ సిస్టమ్ ఈ పని చేస్తాయి. మూడోది పంపకం, అంటే ల్యాప్‌టాప్‌లకూ ఫోన్లకూ తెలిసిన ఉమ్మడి భాషలో సర్వర్ ఆ సేవను అందించడం. కింది అంచె గట్టిగా ఉంటేనే పై అంచె నిలుస్తుంది. కాబట్టి అమర్చేటప్పుడూ, ఎక్కడైనా ఆగిపోయినప్పుడు వెతికేటప్పుడూ కింది నుంచి పైకి వెళ్లడమే సరైన వరస. ఫోన్‌లో ప్రింటర్ కనబడటం లేదంటే ముందు చూడవలసింది సర్వర్ వెనక ఉన్న పోర్టునే.

యంత్రం సంగతి

పాత యంత్రాన్ని సర్వర్‌గా మార్చే ముందు దాని ప్రాసెసర్ 64 బిట్లదో కాదో చూసుకోవాలి. 2006లో వచ్చిన ఇంటెల్ కోర్ 2 డుయో, ఆ తర్వాతి డెస్క్‌టాప్ ప్రాసెసర్లు దాదాపు అన్నీ 64 బిట్లవే. అంతకు ముందటి పెంటియం 4 యంత్రాల్లో చాలావాటికి 32 బిట్లే గతి. సర్వర్లకు ఎక్కువగా వాడే డెబియన్ లినక్స్ 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్‌తో 32 బిట్ల పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. భద్రతా సవరణలు ఆగిపోయిన వ్యవస్థను నెట్‌వర్క్ మీద పెట్టి ఇంటిల్లిపాది ఫైళ్లను దాని చేతికివ్వడం మంచిది కాదు. అందువల్ల 64 బిట్ల యంత్రమే ఈ పనికి తగినది.

కరెంటు ఖర్చు కూడా లెక్కలోకి రావాలి. ఖాళీగా ఉన్నప్పుడు 60 వాట్లు తీసుకునే డెస్క్‌టాప్ రోజుకు 24 గంటలూ నడిస్తే నెలకు 43 యూనిట్లు కాలుస్తుంది. మానిటర్, విడి గ్రాఫిక్స్ కార్డు తీసేస్తే ఈ ఖర్చు కొంత తగ్గుతుంది. పాత ల్యాప్‌టాప్ అయితే ఇంకా తక్కువతో సరిపెట్టుకుంటుంది. పైగా దాని బ్యాటరీ ఇంకా పనిచేస్తుంటే కరెంటు పోయినప్పుడు కొన్ని నిమిషాలు కాపాడుతుంది.

పోర్టులో పెట్టగానే జరిగేది

యూఎస్‌బీ తొలి ప్రమాణం 1996లో వచ్చింది. దాన్ని రూపొందించిన ఇంటెల్ బృందానికి నాయకత్వం వహించిన అజయ్ భట్ వడోదరలో చదువుకున్న ఇంజనీరు. అంతకు ముందు ప్రింటర్‌కు 25 పిన్నుల పారలల్ పోర్టు, మోడెమ్‌కు సీరియల్ పోర్టు, కీబోర్డుకు ఇంకోటి ఉండేవి. వీటన్నిటి బదులు ఒకే సాకెట్టు తేవడం యూఎస్‌బీ ఉద్దేశం. ఈ పద్ధతిలో పెత్తనమంతా కంప్యూటర్‌దే. అది అడిగితేనే పరికరం జవాబిస్తుంది, తనంతట తాను మాట మొదలుపెట్టదు. ఒక పరికరానికి ఇద్దరు యజమానులు కుదరకపోవడానికి కారణం ఇదే.

కేబుల్ పెట్టగానే సర్వర్ ఆ పరికరానికి 1 నుంచి 127 లోపు ఒక చిరునామా కేటాయించి, దాని వివరాలు అడుగుతుంది. తయారీ సంస్థ సంఖ్య, మోడల్ సంఖ్య, తనది ఏ తరగతో తెలిపే సంఖ్య పరికరం నుంచి వస్తాయి. ప్రింటర్ల తరగతి సంఖ్య 7, డిస్కులు, పెన్ డ్రైవుల తరగతి సంఖ్య 8. లినక్స్‌లో 'ఎల్‌ఎస్‌యూఎస్‌బీ' అన్న ఆదేశమిస్తే తగిలించిన పరికరాలన్నీ జాబితాగా కనిపిస్తాయి. ఆ జాబితాలో పరికరం పేరు ఉందంటే మొదటి అంచె దాటినట్టే. లేదంటే ఎన్ని డ్రైవర్లు వేసినా ప్రయోజనం ఉండదు. కేబుల్ మార్చి చూడాలి, పోర్టు మార్చి చూడాలి. యూఎస్‌బీ 2.0 కేబుల్ పొడవు 5 మీటర్లకు మించకూడదు. అదే నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల దాకా వెళ్తుంది. కాబట్టి ప్రింటర్ ఉన్న గదిలోనే సర్వర్ పెట్టి, రూటర్ నుంచి అక్కడికి నెట్‌వర్క్ కేబుల్ లాగడం తేలిక.

కరెంటు చాలని డిస్కులు

యూఎస్‌బీ 2.0 పోర్టు 5 వోల్టుల వద్ద 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0లో దీన్ని 900కు పెంచారు. జేబులో పట్టే 2.5 అంగుళాల హార్డ్ డిస్కు పళ్లేలు తిరగడం మొదలయ్యే ఆ ఒకటి రెండు క్షణాల్లో 1 ఆంపియరు దాకా లాగగలదు. కొత్త ల్యాప్‌టాప్‌లో చక్కగా పనిచేసిన డిస్కు పాత డెస్క్‌టాప్‌లో 'టిక్, టిక్' మంటూ ఆగిపోవడానికి సాధారణంగా ఇదే కారణం. డిస్కు చెడిపోయిందని పారేసే ముందు కేసు వెనక, మదర్‌బోర్డు మీదే ఉన్న పోర్టులో పెట్టి చూడాలి. ముందువైపు పోర్టులకు లోపల సన్నని తీగల ద్వారా కరెంటు వస్తుంది కాబట్టి అక్కడ వోల్టేజీ ఇంకొంచెం పడిపోతుంది.

అలా కూడా కుదరకపోతే సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ కొనడం శాశ్వత పరిష్కారం. 3.5 అంగుళాల పెద్ద డిస్కులకు 12 వోల్టులు కూడా కావాలి. యూఎస్‌బీ ఆ వోల్టేజీ ఇవ్వదు కనుక వాటికి విడి అడాప్టర్ ఎలాగూ వస్తుంది. రోజంతా నడిచే సర్వర్‌కు ఈ రకం డిస్కే నయం. ఒకే పాత పోర్టు నుంచి రెండు చిన్న డిస్కులను నడపాలని చూస్తే, అవి రాస్తూ రాస్తూ మధ్యలో తెగిపోయి ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంటుంది.

వేగాన్ని ఆపేది ఏది?

సర్వర్ నుంచి ఫైలు ల్యాప్‌టాప్‌కు చేరే దారిలో డిస్కు, యూఎస్‌బీ, సర్వర్ ప్రాసెసర్, నెట్‌వర్క్ ఉంటాయి. వీటిలో అన్నిటికన్నా నిదానంగా నడిచేదే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. 100 గిగాబైట్ల ఫోటోలు, వీడియోలు కాపీ చేయడాన్ని ఉదాహరణగా తీసుకుంటే లెక్క స్పష్టంగా తెలుస్తుంది. యూఎస్‌బీ 1.1 పోర్టు సెకనుకు సుమారు 1 మెగాబైటు ఇస్తుంది కాబట్టి ఆ పనికి 28 గంటలు పడుతుంది. 100 మెగాబిట్ల నెట్‌వర్క్ సెకనుకు 11 మెగాబైట్ల చొప్పున రెండున్నర గంటల్లో పూర్తి చేస్తుంది. యూఎస్‌బీ 2.0 కాగితం మీద 480 మెగాబిట్లే అయినా డిస్కులతో ఆచరణలో సెకనుకు 35 మెగాబైట్ల చుట్టూ తిరుగుతుంది. అంటే 48 నిమిషాలు. గిగాబిట్ నెట్‌వర్క్‌కు సెకనుకు 110 మెగాబైట్ల చొప్పున పావుగంట చాలు.

యూఎస్‌బీ 2.0 తన పూర్తి వేగాన్ని డిస్కుకు ఇవ్వలేకపోవడానికి ఒక కారణం దాని పాత సంభాషణ పద్ధతిలో ఉంది. సర్వర్ 31 బైట్ల ఆదేశం పంపుతుంది, డేటా వస్తుంది, డిస్కు 13 బైట్ల ముగింపు జవాబు ఇస్తుంది. అది చేరాకే రెండో ఆదేశం బయల్దేరుతుంది. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉన్నప్పుడు ఈ ఎదురుచూపులన్నీ కలిసి కాపీ మరీ నత్తనడక నడుస్తుంది. ఒకేసారి పలు ఆదేశాలను వరసలో పెట్టే కొత్త పద్ధతి యూఎస్‌బీ 3.0 తరంతో వచ్చింది.

ఈ అంకెలను బట్టి ఎక్కడ డబ్బు పెట్టాలో తేలిపోతుంది. నెట్‌వర్క్ కార్డు 100 మెగాబిట్లదే అయితే యూఎస్‌బీ 3.0 కార్డు కొన్నా లాభం లేదు. నెట్‌వర్క్ గిగాబిట్‌దై, పోర్టులు యూఎస్‌బీ 2.0వైతే ఆ కార్డు పనికొస్తుంది. పాత మదర్‌బోర్డు మీది మొదటి తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ చిన్న స్లాటు సెకనుకు 250 మెగాబైట్లు మాత్రమే మోయగలదు. యూఎస్‌బీ 3.0 మొత్తం సామర్థ్యానికి అది చాలదు గానీ, గిగాబిట్ నెట్‌వర్క్‌ను నింపడానికి ధారాళంగా సరిపోతుంది. మదర్‌బోర్డులో లోపలి డిస్కులు తగిలించే సాటా సాకెట్టు ఖాళీగా ఉంటే డిస్కును దాని బయటి పెట్టెలోంచి తీసి నేరుగా దానికే తగిలించడం ఇంకా మెరుగు.

అయితే పెట్టె విప్పే ముందు రెండు విషయాలు తెలుసుకోవాలి. కొన్ని పోర్టబుల్ డిస్కుల్లో యూఎస్‌బీ సాకెట్టు డిస్కు బోర్డు మీదే ఉంటుంది, లోపల సాటా సాకెట్టే కనిపించదు. మరికొన్ని పెట్టెలు పాత విండోస్‌లో పెద్ద డిస్కులు పనిచేయాలని, 512 బైట్ల సెక్టార్లను 4,096 బైట్లవిగా చూపిస్తాయి. అలాంటి పెట్టెలో నింపిన డిస్కును నేరుగా సాటాకు తగిలిస్తే సెక్టార్ల లెక్క మారిపోయి డిస్కు ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది. డేటా ఎక్కడికీ పోదు, తిరిగి అదే పెట్టెలో పెడితే కనిపిస్తుంది. ఆ సంగతి తెలియక ఫార్మాట్ చేస్తే మాత్రం పోతుంది.

డిస్కు కొలత, డిస్కు పేరు

పాత విభజన పట్టిక అయిన ఎంబీఆర్ సెక్టార్లను 32 బిట్ల సంఖ్యతో లెక్కిస్తుంది. 512 బైట్ల సెక్టార్లతో దానికి అందే గరిష్ఠ పరిమాణం సుమారు 2.2 టెరాబైట్లు. 4 టెరాబైట్ల డిస్కును ఎంబీఆర్‌తో వాడితే మిగతా భాగం వృథా. కాబట్టి జీపీటీ పట్టిక వాడాలి. కంప్యూటర్‌ను మొదట మేల్కొలిపే పాత బయోస్‌కు జీపీటీ తెలియదన్న భయం అక్కర్లేదు. బయోస్ అవసరం సర్వర్ బూట్ అయ్యే డిస్కుకే పరిమితం. లినక్స్ లేచాక డేటా డిస్కుతో అది నేరుగా మాట్లాడుకుంటుంది. కాకపోతే కొన్ని పాత బయోస్‌లు బయటి డిస్కు నుంచే బూట్ కావాలని చూసి అక్కడే నిలిచిపోతాయి. బూట్ వరసలో లోపలి డిస్కును మొదట పెట్టి, యూఎస్‌బీని తీసేస్తే ఈ ఇబ్బంది ఉండదు.

లినక్స్ డిస్కులకు అవి కనబడిన క్రమంలో 'ఎస్‌డీఏ', 'ఎస్‌డీబీ' అని పేర్లు పెడుతుంది. ఇవాళ 'ఎస్‌డీబీ'గా ఉన్న డిస్కు రేపు మళ్లీ ఆన్ చేసినప్పుడు 'ఎస్‌డీసీ' కావచ్చు. అందుకే సర్వర్‌లో డిస్కును ఈ పేరుతో కాక, ఫార్మాట్ చేసినప్పుడు దానికి పడే యూయూఐడీ అనే స్థిరమైన గుర్తింపు సంఖ్యతో నమోదు చేయాలి. ఆ నమోదు ఉండేది 'ఎఫ్‌స్టాబ్' అనే ఫైలులో. ఆ వరసలోనే 'నోఫెయిల్' అన్న మాట కూడా చేర్చాలి. అది లేకపోతే బయటి డిస్కు తగిలించి లేని రోజున సర్వర్ 90 సెకన్లు ఎదురుచూసి, అత్యవసర స్థితిలోకి వెళ్లి ఆగిపోతుంది. మానిటర్, కీబోర్డు లేని యంత్రం అలా ఆగితే ఎందుకు ఆగిందో కూడా తెలియదు.

'నోఫెయిల్' వల్ల వచ్చే మరో ప్రమాదాన్ని కూడా కాచుకోవాలి. డిస్కు రాకపోయినా దాన్ని అతికించే ఖాళీ ఫోల్డరు మాత్రం సర్వర్ లోపలి డిస్కు మీద ఉండనే ఉంటుంది. రాత్రిపూట బ్యాకప్ తీసే ప్రోగ్రాము ఆ తేడా గమనించక ఫైళ్లన్నీ ఆ ఫోల్డరులో పోసి లోపలి డిస్కును నింపేస్తుంది. బ్యాకప్ మొదలయ్యే ముందు నిజంగా డిస్కు అతికి ఉందో లేదో తనిఖీ చేసే ఒక్క వరస ప్రోగ్రాములో చేర్చితే చాలు.

ఏ ఫైల్ సిస్టమ్?

సర్వర్‌కే ఎప్పుడూ తగిలి ఉండే డిస్కుకు లినక్స్ సొంత ఫైల్ సిస్టమ్ అయిన ఈఎక్స్‌టీ4 అనువైనది. 2008 నుంచి లినక్స్‌లో స్థిరపడిన ఇది చేయబోయే మార్పులను ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటుంది. కరెంటు హఠాత్తుగా పోయినా తిరిగి లేచాక ఆ చిట్టా చూసి తన నిర్మాణాన్ని సరిచేసుకుంటుంది. ఫ్యాట్32కు ఈ చిట్టా లేదు. పైగా అందులో ఒక్కో ఫైలు 4 గిగాబైట్లకు మించకూడదు కాబట్టి పెళ్లి వీడియో లాంటి పెద్ద ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ పరిమితి లేదు గానీ చిట్టా దానికీ లేదు.

అప్పుడప్పుడూ విండోస్ ల్యాప్‌టాప్‌కు కూడా తగిలించే డిస్కుకు ఎన్‌టీఎఫ్‌ఎస్ కావాలి. విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అనే సౌకర్యం ఉంది. దానివల్ల షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు. అలాంటప్పుడు డిస్కు పీకి తెస్తే పని సగంలో ఉన్న గుర్తు దాని మీద ఉండిపోతుంది, లినక్స్ దాన్ని చదవనిస్తుంది తప్ప రాయనివ్వదు. విండోస్‌లో ఆ సౌకర్యాన్ని తీసేయడం గానీ, డిస్కును 'ఎజెక్ట్' చేసి తేవడం గానీ దీనికి మందు. సర్వర్ నుంచి తీసేటప్పుడూ అదే జాగ్రత్త అవసరం. లినక్స్ రాయవలసిన డేటాను మామూలుగా 30 సెకన్ల దాకా మెమరీలోనే ఉంచుకుంటుంది. కాపీ పూర్తయిందని తెర మీద కనబడినా ఫైలు ఇంకా డిస్కు చేరి ఉండకపోవచ్చు.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టుకునేవారికి తెలియవలసిన విషయం ఇంకోటి ఉంది. ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో, ఎక్స్‌ఫ్యాట్‌లో ఆ పరిమితి 255 అక్షర సంకేతాలు. ఇంగ్లిష్ పేర్లకు రెండూ ఒకటే. లినక్స్ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో మాత్రం ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. 'ఫోటోలు' అన్న మాట చూడటానికి మూడు అక్షరాలే. హల్లులూ గుణింతపు గుర్తులూ విడివిడిగా లెక్కిస్తే 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. ఆ లెక్కన ఈఎక్స్‌టీ4లో తెలుగు పేరు 85 సంకేతాలతో సరి. విండోస్‌లో బాగానే ఉన్న పొడవాటి పేరు సర్వర్ మీదికి కాపీ కాకుండా తిరగ్గొట్టిందంటే కారణం ఇదే. పేరు కుదించి, మిగతా వివరాన్ని ఫోల్డరు పేరులోకి మారిస్తే ఫైలు మామూలుగా చేరుతుంది.

డిస్కును నెట్‌వర్క్ మీద పంచడం

విండోస్ యంత్రాలు నెట్‌వర్క్ మీది ఫోల్డర్లను చూడటానికి ఎస్‌ఎంబీ అనే భాష వాడతాయి. దాని పుట్టుక 1980ల్లో ఐబీఎంలో. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల ఆరంభంలో, విద్యార్థిగా ఉండగా మొదలుపెట్టిన సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ భాషను లినక్స్, యూనిక్స్ యంత్రాలకు నేర్పింది. సర్వర్‌లో సాంబా ఉంటే ఈఎక్స్‌టీ4 డిస్కులోని ఫోల్డరు విండోస్ ల్యాప్‌టాప్‌కు, మ్యాక్‌కు, ఫోన్‌లోని ఫైల్ మేనేజర్‌కు కూడా అందుతుంది. డిస్కు మీద ఏ ఫైల్ సిస్టమ్ ఉందో వాటికి తెలియనక్కర్లేదు, ఆ భారమంతా సర్వర్‌ది.

అమరికలో తరచు తికమక పెట్టేవి అనుమతులు. సాంబా అనుమతించినా, డిస్కు మీది ఫోల్డరు యజమాని అనుమతించకపోతే రాయడం కుదరదు. రెండు తాళాలూ తెరుచుకోవాలి. పైగా సాంబా పాస్‌వర్డులను లినక్స్ పాస్‌వర్డులతో కలపకుండా వేరుగా దాచుకుంటుంది కనుక ఒక్కొక్కరికీ అక్కడ మళ్లీ పాస్‌వర్డు పెట్టాలి. ఈఎక్స్‌టీ4 యజమానిని పేరుతో కాక సంఖ్యతో గుర్తుపెట్టుకుంటుంది. అందువల్ల ఇంకో లినక్స్ యంత్రంలో నింపిన డిస్కును తెచ్చి పెడితే యజమాని మారినట్టు కనిపిస్తుంది. ఫోల్డరు యాజమాన్యాన్ని ఒకసారి సరిచేస్తే సరిపోతుంది.

ఎస్‌ఎంబీ తొలి రూపాన్ని ఇప్పుడు వాడకూడదు. 2017 మేలో ప్రపంచమంతటా కంప్యూటర్లను స్తంభింపజేసిన వానాక్రై, విండోస్‌లో ఆ తొలి రూపాన్ని నడిపే భాగంలో ఉన్న లోపం గుండానే పాకింది. విండోస్ 10 అదే ఏడాది నుంచి, సాంబా 2019 నుంచి దాన్ని అప్రమేయంగా ఆపేశాయి. పాత సర్వర్‌లో ఏళ్లనాటి సాఫ్ట్‌వేర్ అలాగే ఉంటే కొత్త విండోస్‌కు అది కనబడకపోవడానికి కారణం ఇదే కావచ్చు. దీనికి విండోస్‌లో పాత రూపాన్ని తిరిగి తెరవకూడదు, సర్వర్‌లో సాంబాను కొత్తది చేసుకోవాలి. పాస్‌వర్డ్ లేకుండా అందరికీ తెరిచి పెట్టే పద్ధతికి కూడా కొత్త విండోస్ 11 సాధారణంగా ఒప్పుకోదు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక పేరు, ఒక పాస్‌వర్డు ఉండటమే మేలు.

ప్రింటర్: కంప్యూటర్ మీద ఆధారపడే యంత్రం

డిస్కులు చాలామటుకు ఒకే పద్ధతిలో మాట్లాడతాయి. ప్రింటర్ల పరిస్థితి వేరు. పేజీని ఎలా వర్ణించాలన్న దాని మీద ఒక్కో సంస్థది ఒక్కో భాష. పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ లాంటి ప్రసిద్ధ భాషలు తెలిసిన ప్రింటర్లు లినక్స్‌లో వెంటనే పనిచేస్తాయి. ధర తగ్గించడానికి ఆ తెలివిని ప్రింటర్‌లోంచి తీసేసి, పేజీ తయారుచేసే పనినంతా కంప్యూటర్‌కు అప్పజెప్పిన నమూనాలతోనే శ్రమ ఎక్కువ.

మన ఊళ్లలో ఇళ్లలోనూ, జిరాక్స్ షాపుల్లోనూ, చిన్న ఆఫీసుల్లోనూ విరివిగా కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ఈ రకానికి మంచి ఉదాహరణ. 2005 ప్రాంతంలో వచ్చిన ఈ ప్రింటర్‌కు 12ఏ కార్ట్రిడ్జి వేస్తారు. దీని లోపలి మెమరీ 2 మెగాబైట్లు. ఏ4 పేజీని అంగుళానికి 600 చుక్కల చొప్పున గీస్తే అడ్డంగా 4,960, నిలువునా 7,016 చుక్కలు, మొత్తం దాదాపు మూడున్నర కోట్లు. చుక్కకు ఒక బిట్ చొప్పున 4 మెగాబైట్లకు పైనే అవుతుంది. ప్రింటర్ మెమరీలో పట్టని ఆ పేజీని కంప్యూటరే చుక్కలుగా మార్చి, కుదించి, ప్రింటర్ కోరిన కట్టలుగా కట్టి పంపాలి. సర్వర్‌లో ఉండవలసిన డ్రైవర్ చేసే పని ఇదే.

ఈ ప్రింటర్‌లో ఇంకో ప్రత్యేకత ఉంది. దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ దాని లోపల శాశ్వతంగా ఉండదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ దాన్ని యూఎస్‌బీ ద్వారా ఎక్కించాలి, స్విచ్ తీసేస్తే అది చెరిగిపోతుంది. విండోస్‌లో ఈ పని తెర వెనక జరిగిపోతుంది కాబట్టి వాడేవారికి తెలియదు. లినక్స్ సర్వర్‌లో ఆ ఏర్పాటు లేకపోతే ప్రింటర్ జాబితాలో కనిపిస్తుంది, పని పంపితే తీసుకున్నట్టే ఉంటుంది, కాగితం మాత్రం కదలదు. లినక్స్‌లో దీనికి రెండు మార్గాలున్నాయి. హెచ్‌పీ వారి సాఫ్ట్‌వేర్‌తో పాటు వారి ప్లగిన్‌ను దించుకోవడం ఒకటి. స్వచ్ఛందంగా రాసిన 'ఫూ2జెడ్‌జేఎస్' డ్రైవర్‌ను వాడి, ఫర్మ్‌వేర్‌ను విడిగా తెచ్చుకోవడం రెండోది. మొదటి మార్గంలో సాఫ్ట్‌వేర్ వెర్షన్, ప్లగిన్ వెర్షన్ ఒకటే అయి ఉండాలి. సర్వర్‌ను అప్‌డేట్ చేసిన మర్నాడు ప్రింటర్ ఆగిపోయిందంటే ముందు చూడవలసింది ఈ రెండూ సరిపోలుతున్నాయా అన్నది. ప్రింటర్ ఆన్ అయిన క్షణాన్ని లినక్స్ పసిగట్టి ఫర్మ్‌వేర్ ఎక్కించే నియమం ఈ రెండు మార్గాల్లోనూ ఉంది. అది సరిగా కుదిరాక ఎవరూ ముట్టుకోనక్కర్లేదు.

వరస, పంపకం

లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునేది కప్స్. మైకేల్ స్వీట్ రూపొందించగా 1999లో వెలువడిన దీన్ని ఆపిల్ 2002లో తన మ్యాక్‌లలోకి తీసుకుంది. కప్స్ ప్రతి ప్రింటర్‌కు ఒక వరస నడుపుతుంది. ఇద్దరు ఒకేసారి పంపితే రెండో పని మొదటిది అయ్యేదాకా డిస్కు మీద ఆగుతుంది. ప్రింటర్ ఆపి ఉన్నా పంపినవారి ల్యాప్‌టాప్ ఎదురుచూడనక్కర్లేదు, పనిని సర్వర్ పుచ్చుకుని దాచుకుంటుంది. ఇక్కడ ఒక అమరిక తప్పనిసరిగా చూసుకోవాలి. పని విఫలమైతే వరసను ఆపేయాలన్న నియమం కప్స్‌లో ఉండవచ్చు. ఆ నియమం ఉంటే ప్రింటర్ ఆపి ఉన్నప్పుడు ఎవరో పంపిన ఒక్క పేజీ వల్ల వరస మూతపడి, తర్వాత ప్రింటర్ ఆన్ చేసినా ఏదీ రాదు. దాన్ని 'మళ్లీ ప్రయత్నించు' అనే నియమానికి మార్చాలి.

నెట్‌వర్క్ మీద కప్స్ మాట్లాడే భాష ఐపీపీ, దాని నెట్‌వర్క్ పోర్టు సంఖ్య 631. 'అవాహీ' అనే చిన్న సేవను సర్వర్‌లో నడిపితే, తన దగ్గర ఏ ప్రింటర్ ఉందో అది ఇంటి నెట్‌వర్క్ అంతటికీ ప్రకటిస్తుంది. ఐఫోన్లు 2010 నుంచి ఎయిర్‌ప్రింట్ పేరుతో ఈ ప్రకటనల ద్వారానే ప్రింటర్లను కనిపెడుతున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా ఇలాంటి ఏర్పాటు ఉంది. ఫోన్ తన పేజీని పీడీఎఫ్ లాంటి ఉమ్మడి రూపంలో పంపితే, సర్వర్ దాన్ని 1020కి కావలసిన చుక్కలుగా మారుస్తుంది. వైఫై అన్నదే లేని ప్రింటర్ ఈ విధంగా ఫోన్‌కు అందుబాటులోకి వస్తుంది. పాత సర్వర్ కుటుంబానికి చేసే ఉపకారాల్లో ఇది పెద్దది.

తెలుగు ముద్రణకు కూడా ఈ పద్ధతి కలిసొస్తుంది. ఒత్తులూ గుణింతాలూ సరైన చోట కూర్చే పని పత్రం తయారైన యంత్రంలోనే జరిగి, ఫాంటుతో సహా పీడీఎఫ్‌లో చేరుతుంది. ప్రింటర్‌కు తెలుగు తెలియనక్కర్లేదు, దానికి అందేవి చుక్కలే. ఫాంటును లోపల పొదగని పీడీఎఫ్ వస్తే మాత్రం సర్వర్ తన దగ్గరున్న ఫాంటుతో సరిపెట్టాలని చూస్తుంది. అక్షరాల బదులు డబ్బాలు రావడం అప్పుడే జరుగుతుంది. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంట్లు పొదగాలి, సర్వర్‌లో కూడా ఒక యూనికోడ్ తెలుగు ఫాంటు ఉంచాలి.

ల్యాప్‌టాప్‌లూ ఫోన్లూ సర్వర్‌ను ఎప్పుడూ ఒకే చిరునామాలో వెతుక్కోవాలి కాబట్టి రూటర్‌లో సర్వర్‌కు ఒక స్థిరమైన చిరునామా కేటాయించాలి. డిస్కు పంపకానికి వాడే 445 పోర్టును గానీ, ప్రింటింగ్ వాడే 631 పోర్టును గానీ రూటర్ ద్వారా బయటి ఇంటర్‌నెట్‌కు తెరవకూడదు. 2024 సెప్టెంబరులో కప్స్‌కు అనుబంధంగా నడిచే భాగాల్లో తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. 631 పోర్టు బయటికి తెరిచి ఉన్న యంత్రాలే ఎక్కువ ముప్పులో పడ్డాయి. ఇంటి రూటర్ లోపలే ఉండి, సవరణలు వేసుకుంటూ వచ్చే సర్వర్‌కు ఆ ముప్పు చాలా తక్కువ.

కరెంటు కోత, బ్యాకప్

సర్వర్‌ను, పెద్ద డిస్కు అడాప్టర్‌ను, రూటర్‌ను యూపీఎస్‌కు కలపాలి. లేజర్ ప్రింటర్‌ను మాత్రం దానికి కలపకూడదు. టోనర్‌ను కాగితానికి అంటించే వేడి గొట్టం పని మొదలైనప్పుడల్లా ఒక్కసారిగా కొన్ని వందల వాట్లు లాగుతుంది. చిన్న యూపీఎస్ ఆ బరువుకు ఆగిపోతే దానితోపాటు సర్వరూ డిస్కూ పడిపోతాయి. ప్రింటర్‌కు గోడ ప్లగ్గే తగినది.

సర్వర్‌కు తగిలించిన డిస్కులో ఫోటోలు ఉన్నంత మాత్రాన అవి భద్రమైనట్టు కాదు. ఉన్న ఒక్క ప్రతీ అక్కడే ఉంటే ఆ డిస్కు పోయిన రోజున అన్నీ పోతాయి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట అన్నది ఈ రంగంలో స్థిరపడిన నియమం. ఒక డిస్కు సర్వర్‌కు తగిలి ఉండగా రెండో డిస్కును నెలకోసారి తగిలించి, కాపీ చేసి, పీకి బీరువాలో పెట్టడం మంచి ఆరంభం. వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేసినా, పిడుగుపాటుకు సర్వర్ కాలినా తీగకు తగిలి లేని డిస్కుకు హాని ఉండదు. పాత డిస్కు ఆరోగ్యాన్ని 'స్మార్ట్' వివరాల ద్వారా అప్పుడప్పుడు చూడాలి. చదవలేక పక్కన పెట్టిన సెక్టార్ల సంఖ్య పెరుగుతూ పోతుంటే ఆ డిస్కును మార్చాలి. కొన్ని పాత యూఎస్‌బీ పెట్టెలు ఈ వివరాలను దాటనివ్వవు. అలాంటి పెట్టెలోని డిస్కును ఏకైక ప్రతికి నమ్ముకోకూడదు.

అమరిక పూర్తయిందనుకున్నాక చేయవలసిన పరీక్ష ఒకటుంది. సర్వర్‌ను సక్రమంగా షట్‌డౌన్ చేసి, ప్రింటర్, డిస్కుల స్విచ్‌లు కూడా తీసేయాలి. కొంతసేపాగి అన్నిటికీ కరెంటు ఇవ్వాలి. కరెంటు రాగానే సర్వర్ తనంతట తాను లేవాలంటే బయోస్‌లో అందుకు తగిన అమరిక ఉండాలి. తర్వాత కీబోర్డు ముట్టుకోకుండానే ఒక ఫోన్ నుంచి తెలుగు పేజీ ఒకటి ప్రింటు తీయాలి, ఒక ల్యాప్‌టాప్ నుంచి పంచిన ఫోల్డరులోకి ఫైలు ఒకటి రాయాలి, ఆ ఫైలు నిజంగా బయటి డిస్కు మీదే పడిందో లేదో సర్వర్‌లో చూడాలి. ఈ మూడూ నెరవేరితే కరెంటు, పరికరం భాష, పంపకం అన్న మూడు అంచెలూ కుదిరినట్టే. ఏదైనా ఆగితే, ఆగిన చోటు ఏ అంచెలో ఉందో ఈ పరీక్షే చూపిస్తుంది.